బిరుసెక్కిన తువ్వాళ్లు, పసుపెక్కిన గలీబులు: ఇంటి బట్టల శుద్ధి డైరీ

శివరాత్రి వెళ్లిన వారం

మా ఇంట్లో దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు వారం తప్పకుండా వాషింగ్ మెషీన్‌లో పడుతూనే ఉన్నాయి. అయినా ఆరిన తువ్వాలు ఒంటిని గీరుతున్నది, తడిని పీల్చుకోవడం మానేసింది. బీరువాలో ఉన్నంతసేపు ఏ వాసనా లేని గలీబు, తల వెచ్చదనం తగలగానే పాతబడిన కొబ్బరినూనె వాసన వేస్తున్నది. మామయ్యగారి తెల్ల పంచెలు, పిల్లల స్కూలు చొక్కాలు బూడిద రంగుకు తిరిగాయి. సబ్బు పొడి ఇంకాస్త ఎక్కువ వేసి చూడడం, సువాసన ద్రవం కలపడం వంటివన్నీ ఇదివరకే అయ్యాయి కాబట్టి, ఈసారి ఒక్కొక్క రకం బట్టను విడిగా తీసుకుని, దానిలో పేరుకున్నదేమిటో తెలుసుకుని, దానిని తీయగలిగే పద్ధతిలోనే తీయాలని నిశ్చయించుకున్నాను. ఉగాదిలోగా తువ్వాళ్లు, తెల్లబట్టలు, ఎండలు ముదిరాక బొంతలు, కర్టెన్లు పూర్తి చేయాలన్నది ప్రణాళిక.

హైదరాబాద్ శివారులో ఉన్న మా కాలనీలో తాగడానికి, వంటకు నల్లా నీళ్లు వస్తాయి. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లే ఆధారం. అందుకని మొదట నీటిని పరీక్షించాను. ఒకేరకం రెండు గాజు సీసాలలో, ఒకదానిలో బోరు నీళ్లు, మరొకదానిలో ఫిల్టరు నీళ్లు సగం వరకు పోసి, బట్టల సబ్బు బిళ్లను చాకుతో సన్నగా గీరి రెండింటిలోనూ సమానంగా వేసి గట్టిగా కుదిపాను. ఫిల్టరు నీళ్ల సీసా మెడ దాకా నురగ నిండి చాలాసేపు నిలిచింది. బోరు నీళ్ల సీసాలో నురగ లేచినట్టే లేచి అణిగిపోయి, నీళ్లు పాలలా తెల్లబడి, పైన తెల్లని తెట్టు (మడ్డి) ముక్కలు తేలాయి. సీసాను వంచితే ఆ తెట్టు గాజుకు అంటుకుని వేలితో రుద్దినా జారుతూ వచ్చిందే తప్ప కరగలేదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి ఏర్పడిన జిగురు పదార్థం అది. సబ్బు బిళ్లతో ఉతికిన ప్రతిసారీ ఇదే పదార్థం నూలు పోగుల మధ్య చేరుతుంది. డిటర్జెంట్ పొడులకు ఈ బెడద తక్కువే అయినా, ఇలాంటి నీటిలో వాటి బలమూ తగ్గుతుంది, బట్ట ఆరినప్పుడు నీటిలోని సున్నం పోగుల మీద మిగిలిపోతూనే ఉంటుంది.

చేపల తొట్లు అమ్మే దుకాణంలో దొరికే చుక్కల కిట్‌తో కొలిస్తే మా బోరు నీటి కాఠిన్యం, అంటే అందులోని ఆ కాల్షియం, మెగ్నీషియం మోతాదు, లీటరుకు 400 మిల్లీగ్రాముల దగ్గర తేలింది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ 2012లో ఇచ్చిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం 200 మిల్లీగ్రాముల వరకు వాంఛనీయం, వేరే నీటి వసతి లేనప్పుడు 600 వరకు అనుమతి. ఫిల్టరు బాగుచేసేవారు చూపించే టీడీఎస్ అంకె దీనికి బదులు కాదు. అది నీటిలో కరిగిన లవణాలన్నిటి మొత్తం, బట్టకు చేటు చేసేది అందులో కొంత భాగమే.

అదే వారం, రెండు రోజుల తరువాత

బట్టలను రంగును బట్టి కాక, పోగు రకాన్ని బట్టి విడదీశాను. నేను అనుకున్నది వేడినీటిలో చాకలి సోడా కలిపి నానబెట్టడం. దాన్ని బాగా తట్టుకునేవి నూలు బట్టలే. పట్టు, ఉన్ని జంతువుల నుంచి వచ్చిన మాంసకృత్తులు కాబట్టి సోడా వంటి క్షారం వాటిని తినేస్తుంది; రేయాన్ తడిసినప్పుడు బలం కోల్పోతుంది; జరీ ఉన్న ఏ బట్టా ఈ పనికి పనికిరాదు. చీటీ ఊడిపోయి ఏ రకం పోగో తెలియని వాటి లోపలి కుట్టు నుంచి ఒక పోగు తీసి, పట్టకారుతో పట్టుకుని కాల్చి చూశాను. నూలుపోగు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద అయింది. పాలిస్టర్ ముడుచుకుపోయి నల్లని గట్టి పూస మిగిలింది. పట్టుపోగు వెంట్రుక కాలిన వాసన వేసింది. ‘కాటన్’ అని చెప్పి అమ్మిన దుప్పట్లలో కొన్ని సగం పాలిస్టర్ అని ఇలా బయటపడింది.

శ్రీకాళహస్తి కలంకారీ దుప్పటా ఒకటి, కలంకారీ గోడతెర ఒకటి పూర్తిగా పక్కన పెట్టేశాను. ఆ పనితనంలోని నలుపు ఇనుమును బెల్లం నీటిలో ఊరబెట్టి తీసిన కషాయం కరక్కాయతో కలిసినప్పుడు పుట్టే రంగు. దానికి ఆమ్లం తగిలితే నలుపు విడిపోతుంది, గాఢమైన క్షారం మిగిలిన రంగులకు హాని చేస్తుంది. నీడలో, చల్లని మెత్తని నీటిలో, కాసిని కుంకుడుకాయల రసంతో చేత్తో ముంచి తీయడమే దానికి తగిన శుద్ధి. మనిషి చేతితో అంత శ్రమించి వేసిన రంగును ఒక తొట్టెడు వేడినీటికి అప్పగించడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

రంగు దుప్పట్లను ఒక మూలన తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి వేడి ఇస్త్రీపెట్టెతో అదిమి చూశాను. తెల్ల గుడ్డకు రంగు అంటినవి వేడినీటి జాబితా నుంచి తొలగిపోయాయి.

హోలీకి ముందు: తువ్వాళ్లు

తువ్వాళ్లతో మొదలుపెట్టడానికి కారణం, వాటిలో ఫలితాన్ని కంటితో కొలవవచ్చు. ఆరిన తువ్వాలును బల్ల మీద పరిచి, చెంచాతో ఒక్క నీటిచుక్క వదిలాను. ఆ చుక్క గుండ్రంగా, మెరుస్తూ, దారపు ముడుల మీద అలాగే నిలబడింది. తువ్వాలును కాస్త వంచితే జారి పక్కకు పోయింది కానీ లోపలికి ఇంకలేదు. బట్టలను మెత్తబరిచే సువాసన ద్రవాలు పోగుల మీద జిడ్డు వంటి పూత వేస్తాయి. చేతికి మెత్తగా తగలడానికీ, నీరు ఇంకకపోవడానికీ ఆ పూతే కారణం. తువ్వాళ్లకు ఆ ద్రవాన్ని వాడటం ఈ రోజుతో మానేశాను.

చాకలి సోడా, అంటే సోడియం కార్బొనేట్, కిరాణా దుకాణంలో పొడిగానూ, పలుకులుగానూ దొరుకుతుంది. పలుకులలో నీరు కలిసి ఉంటుంది కాబట్టి ఒక గ్రాము పొడికి బదులు దాదాపు 2.7 గ్రాముల పలుకులు వేయాలి; ఈ తేడా తెలియకపోతే పని సగంలో ఆగుతుంది. లెక్క ఇలా వేసుకున్నాను: నీటిలో 100 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని విరగ్గొట్టడానికి లీటరుకు 106 మిల్లీగ్రాముల పొడి సోడా ఖర్చవుతుంది. మా నీటికి 20 లీటర్ల తొట్టిలో ఎనిమిదిన్నర గ్రాములు నీటి కోసమే పోతాయి, ఆ పైన వేసింది మాత్రమే జిడ్డు మీద పనిచేస్తుంది. అందుకని తొట్టికి 60 గ్రాముల సోడా, మామూలుగా వేసే డిటర్జెంట్‌లో సగం కలిపాను. విదేశీ పద్ధతులలో వెలిగారం (బోరాక్స్) కూడా కలపమంటారు. మన నీటికి సోడా ఒక్కటే చాలినప్పుడు, పిల్లలున్న ఇంట్లో మరో మందు పెట్టుకోవడం అనవసరమనిపించింది.

నీళ్లు కాచడానికి స్టీలు గుండిగ వాడాను. అల్యూమినియం గిన్నెలో సోడా నీళ్లు కాస్తే లోహం కరిగి గిన్నె నల్లబడుతుంది, ఆ మచ్చలు బట్టకూ ఎక్కుతాయి. కాగిన నీటికి చన్నీళ్లు చేర్చి 60 డిగ్రీల దగ్గరకు తెచ్చి, రబ్బరు తొడుగులు వేసుకుని, తువ్వాళ్లను విప్పి ఒక్కొక్కటే ముంచి, నీళ్లు చల్లారేదాకా ఉంచుతూ మధ్యమధ్యలో కర్రతో కలియబెట్టాను.

నీళ్లు మొదట పాలలా తెల్లబడ్డాయి, తరువాత బూడిద రంగుకు, చివరకు టీ రంగుకు తిరిగాయి. ఈ దృశ్యం చూసినవారు ఇదంతా మురికే అనుకుంటారు, నాకూ ఆ సందేహం కలిగింది. అందువల్ల ఒక్కసారి మాత్రమే ఉతికిన కొత్త గోధుమరంగు తువ్వాలును విడిగా అంతే సోడాలో, అంతే వేడిలో నానబెట్టాను. ఆ నీళ్లు కూడా అదే రంగుకు వచ్చాయి, ఎందుకంటే మిగులు రంగు వేడి క్షారంలో వదులుతుంది. కాబట్టి తొట్టిలోని నీటి రంగు శుద్ధికి కొలత కానేరదు. బట్ట ఆరిన తరువాత నీటిచుక్క ఇంకుతున్నదా, తడిపినప్పుడు పాత వాసన తిరిగి వస్తున్నదా అన్న రెండే నేను నమ్మే పరీక్షలు.

జాడింపుకు నేను అనుకున్నదానికంటే ఎక్కువ నీళ్లు పట్టాయి. మొదటి రెండు జాడింపులు మామూలు నీటితో, మూడవది బకెట్‌కు అర చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపిన నీటితో, చివరిది మళ్లీ మామూలు నీటితో చేశాను. నిమ్మ ఉప్పు మిగిలిన సోడాను విరిచి, పోగులకు అంటిన సున్నాన్ని కరిగిస్తుంది. సోడానూ నిమ్మ ఉప్పునూ ఒకే తొట్టిలో కలిపితే బుసబుసమని పొంగి రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, బట్టకు ఏమీ మిగలదు. అందుకే వాటి మధ్య జాడింపు తప్పనిసరి.

మరునాడు ఆరిన తువ్వాలు మీద అదే చెంచాతో చుక్క వదిలితే, కన్ను మూసి తెరిచేలోగా అది ఒక తడి మచ్చగా పరుచుకుని ఇంకిపోయింది. నాసిరకం రెండు తువ్వాళ్లలో మాత్రం మార్పు సగమే కనిపించింది. వాటిలో పాలిస్టర్ పాలు ఎక్కువ, వాటిని తుడిచే గుడ్డలుగా దించేశాను.

ఉగాది ముందర: గలీబులు, పంచెలు, వంటింటి గుడ్డలు

మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దాయన బట్టలుతికే వృత్తిలో పుట్టి పెరిగినవారు. పంచెలను చూపించి, “పెద్దయ్యా, మీ చిన్నప్పుడు వీటిని ఇంత తెల్లగా ఎట్లా తెచ్చేవారు?” అని అడిగాను. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చెప్పారు: “తెలుపు సబ్బుల లేదమ్మా, జాడింపుల ఉన్నది. మా నాయన చవుట్ల నానేసి ఉబ్బ పెడుతుండె. తెల్లారి పారే నీళ్లల్ల జాడిస్తే మల్లెపువ్వు లెక్క ఉండేటివి.” ఆ తరువాత ఆయన చెప్పిన వివరమంతా రాసుకున్నాను: చవుడు మట్టిని నీటిలో కలిపి, తేర్చిన ఆ నీటిలో బట్టలు తడిపి, బాన మీద పేర్చి, కింద మంట పెట్టి రాత్రంతా ఆవిరి పట్టించడం. చవుడు మట్టిలో పనిచేసేది ముఖ్యంగా సోడియం కార్బొనేటే. ఆవిరి ఇచ్చేది వేడి. రేవు ఇచ్చేది అంతులేని జాడింపు నీరు. క్షారం, వేడి, సమయం, జాడింపు అన్న నాలుగింటినీ వారు వరుస తప్పకుండా ఇచ్చేవారు. ఇంట్లో మనం క్షారాన్ని డబ్బాలో కొని, వేడినీ, సమయాన్నీ, జాడింపునూ తగ్గించి, ఆ లోటును సువాసనతో పూడ్చుకుంటున్నాము.

గలీబుల పసుపు రంగు తల నుంచి దిగిన నూనె, చర్మపు జిడ్డు గాలికి మురిగి ఏర్పడింది. దీనికి రెండు అంచెలు అవసరం, వాటి వరుస మారకూడదు. మొదట గోరువెచ్చని నీటిలో, అంటే 40 డిగ్రీలకు మించకుండా, ఎంజైములున్న డిటర్జెంట్‌లో రెండు గంటలు నానాలి. ఎంజైములు జిడ్డును, చెమటలోని మాంసకృత్తులను విడగొడతాయి, మరీ వేడి తగిలితే అవే చెడిపోతాయి. ఆ తరువాతే 60 డిగ్రీల నీటిలో సోడియం పర్‌కార్బొనేట్. ఇది సోడా, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసిన తెల్లని పలుకుల పొడి. వేడినీటిలో పడగానే సన్నని బుడగలు లేస్తాయి. పది లీటర్లకు 40 గ్రాములు వేసి, గంటసేపు ఉంచాను. కలిపిన నీటిని సీసాలో పోసి మూత బిగించి దాచరాదు, వెలువడే వాయువు సీసాను పగలగొడుతుంది. పైగా కొన్ని గంటలలో దాని సత్తువ ఎలాగూ పోతుంది. రక్తపు మరక ఉన్న గుడ్డను మాత్రం ముందుగా చన్నీళ్లలోనే వదిలించాలి, వేడి తగిలితే ఆ మరక నూలులో స్థిరపడుతుంది.

దుకాణంలో సులువుగా దొరికే క్లోరిన్ బ్లీచ్‌ను పక్కన పెట్టడానికి నాకు గట్టి కారణాలున్నాయి. అది నూలును బలహీనపరుస్తుంది, మా బోరు నీటిలో కాస్త ఇనుము ఉంది కాబట్టి తుప్పు చుక్కలు పడతాయి, చెమట మరకలను మరింత పసుపుపచ్చ చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అది నిమ్మ ఉప్పుతో గానీ, వెనిగర్‌తో గానీ, బాత్రూము కడిగే ఆమ్లంతో గానీ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. గాలి ఆడని స్నానాలగదిలో ఇది ప్రాణాల మీదకు తెస్తుంది. ఈ రెండు డబ్బాలు ఒకే అరలో ఉండకూడదని ఇంట్లో అందరికీ చెప్పి, చోటు మార్చాను. తుప్పు చుక్కలున్న రెండు పంచెలకు నిమ్మ ఉప్పు, మామూలు ఉప్పు ముద్ద చేసి అద్ది ఎండలో ఉంచి, తడి ఆరకుండా నిమ్మ ఉప్పు నీళ్లు చిలకరిస్తూ వచ్చాను; చుక్కలు పలచబడి మరునాటికి పోయాయి.

వంటింటి మసిగుడ్డలలో పసుపు మరకలు ఉన్నవి సోడా నీటిలో పడగానే ముదురు ఎరుపుకు తిరిగాయి. చూసినవారికి రక్తమేమో అనిపించేంత ఎరుపు అది. పసుపులోని రంగు పదార్థం క్షారంలో ఎరుపెక్కుతుంది, క్షారం పోగానే మళ్లీ పసుపుపచ్చ అవుతుంది. గుడ్డ పాడైందని కంగారు పడనక్కరలేదు. దానికి అసలైన మందు ఎండ. తడి గుడ్డను మిట్టమధ్యాహ్నపు ఎండలో డాబా మీద పరిచి, ఆరకముందే మళ్లీ తడిపితే, సాయంత్రానికి మరక ఎక్కడ ఉండేదో పోల్చుకోవడం కష్టమైంది. సోడానూ పర్‌కార్బొనేట్‌నూ అంతసేపు తట్టుకున్న మరక, ఒక్క పూట ఎండకు లొంగింది.

పంచెలు, చొక్కాలు ఆరిన తరువాత పాతవాటితో పక్కపక్కన పెట్టి చూస్తే, బూడిద రంగు పోయింది కానీ కొత్తబట్ట తెలుపు రాలేదు. కొత్తబట్టలో ఉండే మిలమిల చాలావరకు కంటికి నీలిగా మెరిసే రసాయనపు పూత. అది ఉతుకుల్లో పోతుంది, శుద్ధి చేస్తే తిరిగి రాదు. మామయ్యగారి కోరిక మీద చివరి జాడింపులో కాసింత నీలిమందు వేశాను. గుడ్డలో మూటకట్టి, బాగా కలిపి, ఆ పైననే బట్ట ముంచాలి. లేకపోతే కరగని నలుసులు చుక్కలుగా అంటుకుంటాయి.

చైత్రం చివర: బొంతలు, కర్టెన్లు, దిండ్లు

కర్టెన్లలో దుమ్ము తప్ప జిడ్డు లేదు. దులిపి, చన్నీళ్లలో సాధారణంగా ఉతికితే సరిపోయింది.

బొంతల పని వేరు. అత్తయ్యగారు పాత నూలు చీరలను పొరలుగా వేసి, చేత్తో నడక కుట్టు వేసిన బొంతలు రెండు మా ఇంట్లో ఉన్నాయి. లోపలి పొరల్లో ఏ చీర రంగు వదులుతుందో తెలియదు కాబట్టి వేడినీటి జోలికి పోలేదు. పెద్ద టబ్బులో చన్నీళ్లు, కుంకుడు రసం పోసి, కాళ్లతో నెమ్మదిగా తొక్కి, నీళ్లు వదిలేసి, బొంతను టబ్బు అంచు మీదే సగం రోజు ఉంచి నీరు కారనిచ్చాను. తడిసిన బొంతను ఒక కొన పట్టుకుని ఎత్తితే దాని బరువుకు పాత నూలు, కుట్టు చిరిగిపోతాయి. ఇద్దరం కింద చేతులు వేసి మోసుకుపోయి, రెండు దండేల మీద పరిచి, గంట గంటకూ తిరగేశాము. ఎండలు ముదిరే రోజుల కోసం ఈ పనిని ఆపి ఉంచింది ఇందుకే: లోపలి పొర అదే రోజు ఆరకపోతే ముక్క వాసన పట్టి, మళ్లీ మొదటికి వస్తుంది.

బూరుగు దూది దిండ్లను తడపలేదు. తడిస్తే ఆ దూది ఉండలు కట్టి తిరిగి విడదు. గలీబు తీసి, ఎండలో రెండు వైపులా కాచి, కర్రతో కొట్టి దులిపాను. పరుపు నూలుదూది గట్టిబడింది. దానిని ఏకించి మళ్లీ నింపించాలి, అది వేరే పని.

వైశాఖం, మొదటి వారం: యంత్రం, నీళ్లు

వాసన తిరిగిరావడంలో వాషింగ్ మెషీన్ వంతూ ఉంది. తలుపు దగ్గరి రబ్బరు మడతను వెనక్కి తిప్పితే లోపల నూలు పీచు, నల్లని జిగురు, తల వెంట్రుకలు కనిపించాయి. ఎక్కువ డిటర్జెంట్, చల్లని నీరు, మూసి ఉంచే తలుపు కలిసి పెంచిన బూజు అది. మడతను తుడిచి, వడపోత తీసి కడిగి, బట్టలు లేకుండా 100 గ్రాముల నిమ్మ ఉప్పుతో అత్యధిక వేడి మీద ఒకసారి తిప్పాను. ఇక ముందు ఉతుకు అయ్యాక తలుపు తెరిచే ఉంచాలి, డిటర్జెంట్ సగమే వేసి, దానితోపాటు నూలు బట్టలకు ఒక పెద్ద చెంచా సోడా కలపాలి.

సోడా నీళ్లను మొక్కలకు పోయలేదు. సోడియం చేరిన నేల బిగుసుకుపోయి చవుడుగా మారుతుంది, కుండీలో అయితే మరీ త్వరగా. చివరి జాడింపు నీళ్లతో మాత్రం వాకిలి, డాబా కడిగాము. ఎండాకాలంలో బోరు నీటి మట్టం పడిపోతున్నప్పుడు ఈ శుద్ధికి ఎన్ని నీళ్లు పోతాయో కళ్లారా చూశాక, వేడినీటి నానబెట్టడాన్ని నెలనెలా చేసే పనిగా పెట్టుకోవడం సరికాదని తేలింది. గలీబులకు ఏడాదికి రెండుసార్లు, తువ్వాళ్లకు చుక్క ఇంకడం మందగించినప్పుడు మాత్రమే చేస్తాను. అంతకు మించితే నూలుకూ అరుగుదలే.

మిగిలింది అత్తయ్యగారి నూలు చీరలు. వాటికి పెట్టిన గంజిని వానలు మొదలయ్యేలోగా పూర్తిగా జాడించి తీసేయాలి, ఎందుకంటే గంజి ఉన్న బట్టకు బీరువాలో వెండిపురుగూ, బూజూ పట్టుకుంటాయి. పెళ్లిళ్ల రోజులు దగ్గర పడ్డాయి కాబట్టి, ఆవిడకు కట్టుకోవలసినవి నాలుగు విడిచి, మిగతావి వచ్చే ఆదివారం నానబెడతాను.